నాలుగో కొవ్వొత్తి

బుడంకాయ వాళ్ళమ్మకి,

నేను క్షేమం. ప్రతిసారీ “ఇక్కడ మేమంతా క్షేమం” అని మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి ఆ ‘మేమంతా’ రాయడానికి చెయ్యి రాలేదు. ఎందుకో తర్వాత చెబుతాను. నువ్వూ పాపా బాగున్నారని తలుస్తాను.

ఓడలో వంటవాడివై ఉండి ఫొటోలో అంత చిక్కిపోయావేమని అడిగావు. నా వంట నేనే తినాల్సి వస్తోంది మరి! యజమాని అప్పులకి కోర్టువాళ్ళు ఓడను ఆపి ఏడు నెలలు దాటింది. ఆయన ఫోనెత్తడు. ఒడ్డున ఒకావిడ మేడ మీద బట్టలు ఆరేయడం కూడా కనిపిస్తుంది. దిగడానికి మాత్రం లేదు.

మూడో కొవ్వొత్తి ఒక్కటీ గులాబీ రంగెందుకని పాప అడిగిందన్నావు. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలూ ఒక్కొక్కటి వెలిగించే ఈ ఆగమన కాలంలో ఊదారంగువి మూడూ మనసు మార్చుకుని సిద్ధపడమంటాయి. మూడో ఆదివారానికి సగం దారి దాటేస్తాం కదా, కాస్త సంతోషించమని గులాబీది. ఆ రోజు ఫాదర్‌గారు కూడా ఆ రంగు వస్త్రమే వేసుకుంటారు, చూడమను.

కొవ్వొత్తుల చుట్టూ పేర్చడానికి ఇక్కడ పచ్చని కొమ్మలు లేవు. పాత తాడును చుట్టగా చుట్టి, స్టోరులో ఉన్న నాలుగు తెల్ల కొవ్వొత్తులు నిలబెట్టాను. ఒకదానికి రంగు వేద్దామని బీట్‌రూట్ నీళ్ళలో ముంచాను. మైనానికి పట్టలేదు, నా వేళ్ళకి పట్టింది. మొన్న ఆదివారం సాయంత్రం మొదటిది వెలిగించి ప్రార్థన చేసుకున్నాను. క్రిస్మస్ దాకా రోజులు లెక్కపెట్టే అట్ట క్యాలెండర్‌లో రోజుకో కిటికీ తెరుస్తోందట కదా పాప! నా గదికీ ఒక గుండ్రటి కిటికీ ఉంది, తుప్పు పట్టి తెరుచుకోదు.

ఇక దాచలేను. ఈ ఓడలో నేనొక్కణ్ణే ఉన్నాను. మిగతావాళ్ళు ఇళ్ళకు వెళ్ళి రెండు నెలలైంది. అందరం కలిసి పాటలు నేర్చుకుంటున్నామని రాసిందంతా కల్పన. వంటింట్లో ఉండగా ఒక కోర్టు అధికారి కాగితం తెచ్చాడు. “ఒక్క సంతకం పడెయ్ బాబాయ్, మామూలుదే” అన్నాడు కెప్టెన్ తర్వాతివాడైన మా మేట్. బియ్యం వచ్చినా ఉల్లిపాయలు వచ్చినా సంతకం పెట్టే చెయ్యి నాది. ఇదీ సరుకు రసీదే అనుకుని, తడిచెయ్యి తుడుచుకుని పెట్టేశాను. ఓడ అమ్ముడయ్యేదాకా దానికి కాపలాదారుణ్ణి నేనేనని, దిగకూడదని అందులో ఉందట. అందరూ పడవ ఎక్కుతుంటే నన్నొక్కణ్ణే ఆపారు. అప్పుడు తెలిసింది. సిగ్గేసి నీకు చెప్పలేదు. ఒక్కోరోజు ఊపిరాడదు.

నాలుగో కొవ్వొత్తి నాటికి వస్తానని పాపకు మాటిచ్చాను. నాన్న వచ్చేదాకా దాన్నెవరినీ ముట్టుకోనివ్వనంటోందని నువ్వు రాసిన రోజు అన్నం సయించలేదు. క్రిస్మస్ ఏ రోజో మనకు తెలుసు, అందుకే ఆ ఎదురుచూపు తియ్యగా ఉంటుంది. నాదానికి తేదీ లేదు.

నాలుగో ఆదివారం దాన్ని పాపచేతే వెలిగించు. మారాం చేస్తుంది. ఆ కొవ్వొత్తి నాన్న కోసం కాదమ్మా, క్రిస్మస్‌కి రావలసిన దేవుడి కోసం, ఆయన తన రోజుకి తప్పకుండా వస్తాడని చెప్పు. నాన్నెప్పుడొస్తాడంటే మాత్రం, తెలియదను. ఇన్నాళ్ళూ నేను పాపకు చెప్పలేకపోయిన నిజం అదొక్కటే.

ఇట్లు,
తాడు చుట్టలో ఇంకా మూడు కొవ్వొత్తులు మిగిలిన
పాప నాన్న