ఇంగ్లీషొచ్చేక అడుగుతాను

ముక్తేశ్వరం
23-6-98, మంగళవారం

మా బడి ఇంగ్లీషు మీడియంలోకి మారి ఇది రెండో వారం. ఏడో తరగతి సైన్సు పాఠాన్ని నేను రాత్రి బట్టీపట్టి, పొద్దున పిల్లలకి అప్పజెబుతున్నాను. ఈ రోజు పాఠం మధ్యలో సుజాత లేచింది. నిరుడంతా ప్రశ్నలతో నన్ను ఊపిరి తీసుకోనివ్వని పిల్ల. నోరు తెరిచి, ఇంగ్లీషు మాట కోసం కాసేపు వెతుక్కుని, "నథింగ్ టీచర్" అని కూర్చుండిపోయింది.

సాయంత్రం గేటు దగ్గర వాళ్ళ నాన్నగారు కనబడ్డారు.

"ఇంగ్లీషొస్తే మా అమ్మాయి ఏ ఊళ్ళోనైనా ఉద్యోగం చేసుకుంటుందండీ. మీరు మాత్రం తెలుగులో చెప్పకండేం" అన్నారు.

"ఆయ్, అలాగేనండీ" అన్నాను. ఆయన మాట తప్పనలేను. రేపు ఉద్యోగాలెలా ఉంటాయో నాకేం తెలుసు?

ఆయన సైకిలు తీస్తుండగా సుజాత నా దగ్గరకొచ్చి, "కొబ్బరిచెట్టు అంత పైకి నీళ్ళెలా లాక్కుంటుంది టీచర్?" అని గుసగుసగా అడిగింది.

జవాబు చెప్పబోయి, హెడ్మాస్టారుగారు వింటున్నారేమోనని వెనక్కి చూశాను. ఆ చూపు సుజాత కనిపెట్టేసింది.

"పోన్లెండి టీచర్. ఇంగ్లీషొచ్చేక అడుగుతాను" అని వెళ్ళి సైకిలెక్కింది.

అప్పటికి ఆ పిల్లకి అడగాలని అనిపిస్తుందో లేదో...