తలకిందుల అచ్చులు

పొట్టిదానికి బాబాయి దీవెనలు.

ఇక్కడంతా క్షేమమని రాద్దామనుకున్నాను గానీ అబద్ధమెందుకు? కాలేజీ ఇంగ్లీషు ఉచ్చారణ మేష్టారు తన పుస్తకం టైపుకిచ్చారు. నూట నలభై పేజీలు, గడువు ఇరవయ్యో తేదీ. దాటితే ఇకపై కాలేజీ పనంతా ఎదుటి కంప్యూటరు షాపుకేనని మొహం మీదే చెప్పారు. అది కూడా పోతే మన టైపు సెంటరుకి తాళమే.

పుస్తకం నిండా వింత అచ్చులు. e తలకిందులుగా ఉంటుంది, a వెళ్లి e ని అతుక్కుంటుంది. నువ్వు పంపిన కంప్యూటరులో ఆ మీటలే లేవు. టైపు మిషను మీదైతే ఖాళీలు వదిలి కొట్టి, కాగితం తలకిందులుగా ఎక్కించి ఆ ఖాళీల్లో e కొట్టేవాణ్ణి. ముప్పై ఎనిమిదేళ్లు అలాగే నెగ్గుకొచ్చాను. ఈ తెరని ఎక్కడ ఎక్కించను? ఫోన్లో చెప్పకు, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాను. రాసి పంపితే గోడకి అంటించుకుంటాను.

మీటలు వెతికి వేళ్లరిగిన బాబాయి

తా.క.: మీ పిన్నీ నేనూ కలిసి తెరనే తలకిందులు చేసి e కొట్టాం. తెర నిలబెట్టగానే అదీ లేచి నిలబడింది.

*

బాబాయికి నమస్కారాలు.

ముందు ఆ తెర జోలికి వెళ్లకండి. తలకిందుల e కావాలంటే 0259 అని కొట్టండి. వెంటనే ఆల్ట్ మీట నొక్కి పట్టుకుని, ఎక్స్ ఒక్కసారి కొట్టి, రెండూ వదిలేయండి. అంకె పోయి ə వస్తుంది. అతుక్కున్న జంటకి 00E6. మిగతావాటి పట్టిక వెనక రాశాను.

మీ పొట్టిది

తా.క.: పిన్నిచేత బరువులు మోయించకండి.

*

పొట్టిదానికి బాబాయి రాసేది.

నువ్వు చెప్పినట్టే చేశాను, కొంప మునిగింది. ఆల్ట్ నొక్కి పట్టుకోమన్నావు కదా, పూర్వం షిఫ్టు మీట బిగించుకున్నట్టు దాని మీద పేపరు వెయిట్ పెట్టి పని మొదలెట్టాను. కొట్టిన అక్షరం ఒక్కటీ పడదు, పైనుంచి ఏవో జాబితాలు జారుతున్నాయి. చివరికి పదకొండు పేజీలు మాయం! తప్పు నీది కాదు, నిన్ను అడిగిన నాది.

నీ శిష్యుడు కాలేని బాబాయి

తా.క.: పోయే ముందు అది 'దాచమంటావా?' అని అడిగిన మాట నిజమే. నా పేజీలు నేను దాచుకోగలను, నీకెందుకని వద్దన్నాను.

*

బాబాయికి నమస్కారాలు.

మీతో నా తల ప్రాణం తోకకొస్తోంది. పేపరు వెయిట్ పెట్టమని నేనెక్కడ రాశాను? ఒక్కో అచ్చుకి ఒక్కసారి నొక్కి వదలాలి. 'దాచమంటావా?' అంటే అవుననండి. ఇంకేం అడిగినా అవుననండి.

ఓపిక నశిస్తున్న పొట్టిది

తా.క.: ఇంకేం అడిగినా అన్న మాట కొట్టేయండి. భయంగా ఉంది.

*

పొట్టిదానికి విజయుడైన బాబాయి దీవెనలు.

నీ ఆల్టుకో దండం. నా పద్ధతే గెలిచింది! అచ్చుల చోట ఖాళీలు వదిలి పేజీ ప్రింటు తీశాను. అదే కాగితం తలకిందులుగా ప్రింటరులో పెట్టి, ఒట్టి e లు మాత్రమే కొట్టిన ఇంకో పేజీ దాని మీద వేశాను. మిగతా అచ్చులు పెన్నుతో దిద్దాను. నూట ముప్పై పేజీలయ్యాయి. మిగిలిన పది కూడా ఇరవై పొద్దుటికల్లా అయిపోతాయి.

బాబాయి

తా.క.: అక్కడక్కడ e వెళ్లి పక్క అక్షరం నెత్తినెక్కింది. మేష్టారు పెద్దమనిషి, సర్దుకుంటారు.

*

బాబాయికి.

మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు! ప్రెస్సు వాళ్లకి కాగితాలు కాదు, పెన్ డ్రైవులో పుస్తకం కావాలి. మీ కంప్యూటరులో ఆ ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి కదా! ఇరవై ఇంక మూడు రోజుల్లో ఉంది. సెంటరు మూతపడితే మీరేం చేస్తారోనని నాకు నిద్ర పట్టడం లేదు. సెలవు పెట్టి వస్తున్నాను. ఏమీ ముట్టుకోకండి.

పొట్టిది

*

బంగారు తల్లికి పిన్ని ముద్దులు.

సెలవు పెట్టకు. పుస్తకం నిన్ననే మేష్టారికి చేరింది, పెన్ డ్రైవులోనే. టైపు చేసింది నేను.

నీ మొదటి ఉత్తరం గోడ మీద చూసిన రోజే నాకర్థమైంది. ఈయన పేపరు వెయిట్ వెతుక్కుంటుంటే చెప్పబోయాను, 'నీకేం తెలుసు' అన్నారు. ఒళ్లు మండిపోయింది. నేనూ ఒకప్పుడు ఈయన దగ్గర టైపు నేర్చుకున్నదాన్నే. పరీక్షలో ఈయనకంటే నా స్పీడే ఎక్కువ వచ్చింది, ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరం ఎత్తం. మధ్యాహ్నం ఈయన భోంచేసి గుర్రు పెట్టగానే కింద సెంటరులోకి దిగేదాన్ని. రోజుకి పది పేజీలు, అచ్చుకో ఆల్టు. పక్కవాళ్లింటికి కబుర్లకి వెళ్తున్నాననే ఈయన అనుకున్నారు.

మేష్టారితో ఒక్కటే మాట చెప్పాను: 'ఆయన కాగితాలు తెస్తే కాదనకండి, నెలంతా నడుం విరిగేలా చేశారు.' ఈ రోజు తీసుకెళ్లారు. మేష్టారు రెండు చేతులతో అందుకుని, కాలేజీ పని ఇక మన సెంటరుకేనని మాటిచ్చారట. ఈయన వీధి మలుపులోంచే అరుచుకుంటూ వచ్చారు. అంత సంతోషంగా ఆయన్ని చూసి ఎన్నేళ్లయిందో! కోపం దాచుకున్నాను. నువ్వూ నోరు జారకు.

పిన్ని

తా.క.: మేష్టారి తర్వాతి పుస్తకంలో అచ్చుల పక్కన రెండు చుక్కలొస్తాయట, ఆ నంబరు పంపు. ఉత్తరం బాబాయి పేరునే రాయి. ఆయన పేరుతో వచ్చినవి ముందు నేనే విప్పుతాను.