బాంగీ సంతలో కర్రపెండలం

బాంగీ, సెప్టెంబరు 1990

అన్నయ్యా, నేను క్షేమంగా ఉన్నాను, ఎవరూ ఏడవకండి.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి రాగానే నేను పనిచేసే ఇంటి మామా, అంటే అమ్మగారు, "యల్లా, పద మార్తా, నిన్ను వదిలి పోను" అని పిల్లలతోపాటు నన్నూ కారెక్కించింది. జోర్డాన్ చేరి, అక్కడినుంచి విమానంలో ఆఫ్రికాలో ఉన్న ఆవిడ తమ్ముడింటికి వచ్చాం. ఈ బాంగీ ఫ్రెంచివాళ్లు నది ఒడ్డున కట్టిన ఊరు. దొరల నాటి వెడల్పాటి వీధులు, వాటి పొడుగునా మామిడిచెట్లు. నది మన గోదారిలాగే ఉంది. నిన్న సంతలో కర్రపెండలం కుప్పలు చూసి, "ఓలమ్మో, ఇది మా పెద్దాపురం దుంపే!" అని తెలుగులోనే అరిచేశాను. అమ్మే ఆవిడకి ఏం అర్థమైందో, పకపకా నవ్వి రెండు దుంపలు కొసరు వేసింది. నేనూ కడుపారా నవ్వాను.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నా కూతుర్ని బడి మాన్పించకు. నేను పోయాననుకుని ఆదరణ కూడిక పెట్టుకుని ఉంటే, దాన్ని కృతజ్ఞత కూడికగా మార్చమని పాస్టరుగారితో చెప్పు. భోజనాలు మాత్రం మానకండి.

అందరికీ వందనాలు.

నీ చెల్లి
మార్తమ్మ