తొమ్మిదో షరతు

ప్రియమైన బావకు,

మీ బావమరిది నమస్కారాలు. మా మున్సిపాలిటీ లాయరుగారు మోకాళ్ల నొప్పులతో ఇక కోర్టు మెట్లెక్కలేనని చేతులెత్తేశారు. స్థలాల సరిహద్దులు, కాంట్రాక్టర్ల తగాదాలు, అద్దె దుకాణాలు, అన్నీ కలిపి నలభై ఒక్క సివిల్ కేసులు దిక్కులేకుండా పడి ఉన్నాయి. అందుకని బయటి లాయర్లను పిలవాలని కౌన్సిల్ తీర్మానించింది. ప్రకటన రాసిందెవరనుకున్నారు? మీ బావమరిదే! పక్క ఊరివాళ్ల ప్రకటన ముందు పెట్టుకుని, వాళ్ల మొద్దు భాషను కాస్త నునుపు చేశాను. ఇరవై రెండేళ్లలో నేను రాసినదానికి ఒక్క సవరణ కూడా పడలేదు, తెలుసు కదా.

పని దక్కినవాళ్లు ఈ ఊళ్లోనే ఉండాలి. అమ్మకు చూపు నెలనెలకూ తగ్గుతోంది. "దాని ముఖం కనిపిస్తుండగానే అక్కను రమ్మనరా" అని రోజూ నా ప్రాణం తీస్తోంది. దరఖాస్తు పెట్టండి. కోర్టులో మీ నోటికి, ఇంట్లో అక్క నోటికి ఇక్కడ ఎదురుండదు.

మీ రాక కోసం చూసే
బావమరిది

ప్రియమైన బావమరిదికి,

నేనింకా కలం తీయకముందే మీ అక్క అటక మీది పెట్టెలు దింపించింది. ఇక్కడ నా ప్రాక్టీసు సంగతి నీకు తెలియనిది కాదు. క్లయింట్లలో సగం మంది నాకంటే ముసలివాళ్లు. రావాలని నాకూ ఉంది. ఉందనడం చిన్నమాట.

కానీ తొమ్మిదో షరతు చూశావా? "ఈ మున్సిపాలిటీకి వ్యతిరేకంగా ఎన్నడూ వకాల్తా వేయనివారే అర్హులు." పదిహేడేళ్ల కిందట రోడ్డు వెడల్పు పేరుతో మీవాళ్లు అత్తయ్య కుట్టుషాపు ముందుగోడ కూల్చేస్తే కేసు వేసిందెవరు? ఆ ఆఫీసులోనే ఉద్యోగం కాబట్టి నువ్వు బయటపడలేక, "అమ్మ తరఫున మీరు నిలబడండి బావా" అని నా చేతులు పట్టుకున్నావు. నిలబడ్డాను, గెలిచాం. ఇప్పుడు ఈ షరతు నిజంగా అవసరమా? గడువు ఇంకా పన్నెండు రోజులుంది. కమిషనరుగారిని ఒక్క మాట అడుగు.

ఆశతో,
నీ బావ

ప్రియమైన బావకు,

షరతు పైవాళ్లది, నా చేతుల్లో లేదు. మీరు కంగారుపడకండి. దరఖాస్తులో "మున్సిపాలిటీకి వ్యతిరేకంగా వేసిన వకాల్తాలు" అనే గడి ఉంది చూడండి, దాన్ని ఖాళీగా వదిలేయండి. ఆ పాత ఫైలు రికార్డు గదిలో చెమ్మకు నాని ముద్దయిపోయింది. అప్పటివాళ్లలో ఆఫీసులో నేను తప్ప ఎవరూ మిగల్లేదు. నేను నోరు విప్పను.

మీ కోసం మా పై వాటాకు రంగు వేయిస్తున్నాను. అక్క మంచం ఎటువైపు వేయాలో అని అమ్మ అప్పుడే నాతో తగువు పెట్టుకుంది.

తొందరలో,
మీ బావమరిది

ప్రియమైన బావకు,

నిన్న మీ దరఖాస్తు పక్కన పెట్టేశారు. వచ్చిన ఆరింటిలో మీదే మేలని కమిషనరుగారే అన్నారు. తర్వాత ఆ గడి దగ్గరికొచ్చి ఆగిపోయారు. కేసు నంబరు, సంవత్సరం, అమ్మ పేరు, తీర్పు, అన్నీ మీ గుండ్రటి అక్షరాల్లో! ఎందుకు రాశారు బావా? ముందు మీ మీద కోపమే వచ్చింది.

ఇక నిజం చెబుతాను. ఆ షరతు పైవాళ్లది కాదు. పక్క ఊరి ప్రకటనలో "గడిచిన మూడేళ్లలో" అని ఉంది. చప్పగా ఉందనిపించి "ఎన్నడూ" అని మార్చాను, ఠీవిగా ఉంటుందని. మీ ఉత్తరం అందిన రోజే నా నిర్వాకం నాకు అర్థమైంది. కమిషనరుగారి తలుపు దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను. తప్పు నాదేనంటే ఇన్నేళ్ల పేరు పోతుందని భయపడ్డాను. నా పేరు కాపాడుకోవడానికి మిమ్మల్ని అబద్ధమాడమన్నాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. అంతా అయిపోయాక నిన్న ఆయనకు చెప్పుకున్నాను. "గడువులోగా చెబితే ఐదు నిమిషాల పని కదయ్యా" అన్నారాయన.

అమ్మకు ఇంకా చెప్పలేదు.

క్షమించమని అడిగే ముఖం లేని
మీ బావమరిది

ప్రియమైన బావమరిదికి,

ఎందుకు రాశానని అడిగావు. ఆ కేసు ప్రతి వాయిదాకూ అత్తయ్య పని ఆపుకుని వచ్చి ముందు బెంచీలో కూర్చునేది. నేను గర్వంగా చెప్పుకునే కేసులు నాలుగైదుంటే అందులో అదొకటి. దాన్ని లేదని అనలేకపోయాను. నీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. కానీ ఉంది. ప్రకటనలో ఒక మాట మార్చినందుకు కాదు, తెలిసి కూడా గడువు దాటేదాకా ఊరుకున్నందుకు.

మీ అక్క నీ ఉత్తరం చదివి వినిపించమంది. వినిపించాను. దింపించిన పెట్టెల్లో ఒకటి ముందుకు లాక్కుంది. తర్వాత, "వకాల్తా వేసింది మీరు, నేను కాదు కదా. నేను అమ్మ దగ్గరికి వెళ్తాను" అంది. ఉన్న నాలుగు కేసులూ వదిలేసి వస్తే నాకు బతుకుతెరువు లేదు. ఇరవై ఆరేళ్ల కాపురంలో మొదటిసారి చెరో ఊళ్లో ఉండబోతున్నాం. ఎన్నాళ్లని నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

శుక్రవారం పొద్దుటి రైలుకు దిగుతుంది. "వాడితో మాట్లాడమని మాత్రం నన్ను అడగకండి" అంది. అడగలేదు. అయినా స్టేషనుకు నువ్వే వెళ్లు. నువ్వు పలకరించినా తను పలకకపోవచ్చు. సామాను మాత్రం నువ్వే అందుకో, ఈమధ్య తనకు నడుం నొప్పి.

ఇప్పటికీ
నీ బావ