తొంభై ఆరు

ఫిబ్రవరి 2, ఆదివారం

అత్తమ్మ ఈ రోజు చర్చిలో సాక్ష్యం చెప్పింది. ఇరవై ఒక్క రోజులు ఉపవాస ప్రార్థన చేసిందట, కోడలి షుగర్ ప్రభువు తీసేశాడట. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని కూర్చున్నాను.

నిన్న పొద్దున నా మీటర్‌లో తొంభై ఆరు చూసి ఆవిడ ఏడ్చేసింది. ఇంక సూది ఎందుకు బిడ్డా అంది. ఇన్సులిన్ వేసుకోబట్టే ఆ నంబర్ అని చెప్పాల్సింది. చెప్పలేదు. పన్నెండో ఏట వచ్చిన షుగర్ ఇది, ఎక్కడికి పోతుంది? పోయినేడు కడుపు పోయినప్పుడు మూడు వందలు ఉండేది. అదంతా నా వల్లే. ఇప్పుడు నాలుగో నెల. ఏడాది తర్వాత ఆవిడ ముఖంలో నవ్వు చూశాను. పాడు చెయ్యడానికి నోరు రాలేదు. పిరికిదాన్ని.

ఫిబ్రవరి 4

సూది మానేశాననే అత్తమ్మ అనుకుంటోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే కోచింగ్ సెంటర్ బాత్రూమ్‌లో డోస్ వేసుకున్నాను. సూదికి చప్పుడు ఉండదని తెలిసీ ఫ్లష్ నొక్కాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చిలో రూబీ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమెకూ పెళ్లికి ముందు నుంచే షుగర్, ఇప్పుడు ఆరో నెల. సూది ఎప్పుడు బంద్ చేసినవక్కా అని అడిగింది. అత్తమ్మ వింటోంది. నవ్వి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 3

రూబీ ఎల్‌బీ నగర్‌లో దవాఖానలో ఉంది. షుగర్ నాలుగు వందల ఇరవై. నాతో మాట్లాడిన మర్నాడే సూది మానేసిందట. బిడ్డ గుండె కొట్టుకుంటోంది గానీ డాక్టర్లు ఏ మాటా ఇవ్వడం లేదు.

అత్తమ్మతో వెళ్లాను. రూబీ నా చెయ్యి పట్టుకుని, నీ అంత విశ్వాసం నాకు లేదక్కా, అందుకే గిట్లయింది అంది. ఇంటికి పోయినంక మళ్లా బంద్ చేస్త, ఈసారి గట్టిగ నమ్ముత అంది. అత్తమ్మ ఆమెన్ అంది. ఇన్సులిన్ పెన్ నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. తియ్యలేదు. నా బిడ్డకు మందు, ఆ బిడ్డకు నా అబద్ధం. కింద బాత్రూమ్‌లో నా డోస్ మాత్రం టైముకి వేసుకున్నాను.

ఫిబ్రవరి 22

రూబీ డిశ్చార్జ్ అయింది. రేపు చర్చికి వస్తుందట.

ఫిబ్రవరి 23, ఆదివారం

మైక్ తీసుకున్నాను. పెన్ ఎత్తి చూపించాను. రోజుకు నాలుగుసార్లు, ఒక్క రోజూ మానలేదు, తొంభై ఆరు దీనివల్లే అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బయట రూబీ నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టి, ఇంటికెళ్లి సూది వేసుకుందట.

ఇంట్లో అత్తమ్మ కంచం పెట్టింది. అన్నం వడ్డించకుండా నిలబడింది.

ముందుగాల సూది ఏస్కో అంది.