పేరు చెక్కని రాళ్ళు

తూర్పు కెంటకీ
1986 మార్చి 9

డెల్ఫీ చెల్లీ,

ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించకు. వరసగా చెబుతాను, లేకపోతే కోపంలో సగం మరిచిపోతాను.

మన లోయ చివర ఉన్న కొండని పైనుంచి పేల్చి బొగ్గు తీస్తామని కంపెనీ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టింది. ఆ కాగితాలు ఎవరైనా కోర్టు భవనంలో చూడొచ్చని, వచ్చే నెల సభ పెట్టి ఊరివాళ్ళ అభ్యంతరాలు వింటారని పేపర్లో వేశారు. బట్టలు ఆరేసి, చిక్కుడుగింజలు పొయ్యి మీంచి దించి వెళ్ళాను. పర్యావరణ సమీక్ష అన్న భాగం మొత్తం చదివాను. వాగు గురించి ఉంది, గబ్బిలాల గురించి కూడా ఉంది. ఆ కొండమీదున్న మనవాళ్ళ సమాధుల గురించి ఒక్క మాట లేదు. నాన్న ఉన్నచోట ‘చెదురుమదురుగా రాళ్ళు’ అని రాశారు.

తప్పంతా వాళ్ళదే అనలేను. మనవాళ్ళు తలవైపు ఒక కొండరాయి, కాళ్ళవైపు ఒకటి పాతి ఊరుకుంటారు కదా. అందరికీ తెలిసినదానికి పేరు చెక్కించడం డాబని నాయనమ్మ అనేది. కొత్తగా వచ్చి కొలిచేవాడికి అవి ఉత్త రాళ్ళే.

మీ బావకి చెప్పాను. హోబర్ట్ ఆ కంపెనీలోనే లారీ నడుపుతున్నాడని నీకు తెలుసు. మజ్జిగలో మొక్కజొన్న రొట్టె నలుపుకుంటూ, “సభలో లేచి మాట్లాడతావా? మాట్లాడు తల్లీ. మర్నాటినుంచి ఆ రాళ్ళే ఉడకేసి పెట్టు” అన్నాడు.

“అక్కడున్నది మా నాన్న ఒక్కడేనా?” అన్నాను.

గ్లాసు అక్కడే వదిలి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. మా పాప పోయి ఇరవై ఏళ్ళవుతున్నా, ఆ ప్రస్తావన వస్తే మనిషి గదిలో ఉండడు. పుట్టిన మర్నాడే పోయింది, పేరైనా పెట్టలేదు. నేను ఆసుపత్రిలో ఉండగానే ఆ కొండమీదికి మోసుకెళ్ళి పెట్టి వచ్చాడు. ఆ రోజు గురించి నాకు ఇప్పటిదాకా ఏమీ చెప్పలేదు.

పోయాక తనని నాన్నకీ పాపకీ మధ్యన పెట్టమని అమ్మ అంటోందని రాశావు. అందుకే మాట్లాడతాను. సమాధులున్నచోట తవ్వకూడదని చట్టం ఉంది. అవి ఉన్నాయని ఒప్పిస్తే కొండ నిలుస్తుంది.

మీ అక్క
వెస్టా

ఏప్రిల్ 20

డెల్ఫీ,

సభ అయింది. బడి ఆటల హాలు నిండిపోయింది. నేను లేవగానే వెనకనుంచి ట్రెసీ, “నీకు చచ్చినవాళ్ళ మీదున్న బెంగ బతికున్న మా పొయ్యిల మీద ఉంటే బాగుణ్ణే వెస్టా!” అంది. అందరూ నవ్వారు. నాకు న్యుమోనియా వచ్చినప్పుడు వారం పాటు వండి తెచ్చింది ఈ ట్రెసీయే. వాళ్ళాయనా ఆ కంపెనీ గనిలోనే చేస్తాడు. తనమీద కోపం తెచ్చుకోలేకపోయాను.

“పేర్లు లేవు కదమ్మా, ఎవరివో ఎలా తెలుసు?” అని సభ జరిపే పర్మిట్ల అధికారి మర్యాదగానే అడిగాడు. పై వరసనుంచి ఒక్కొక్కరినీ చెబుతూ వచ్చాను. చివరి చిన్న రాయి దగ్గరికి వచ్చి ఆగాను.

“అది నేను పెట్టాను. దాని కింద నా కూతురుంది.”

మీ బావ. పనినుంచి నేరుగా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు, మొహం నిండా బొగ్గు.

“పేరు?” అన్నాడు అధికారి రాసుకుంటూ.

మీ బావ టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు. నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. “శిశువు, పేరు లేదు అని రాసుకోండి” అన్నాను నేనే.

సమీక్ష మళ్ళీ చేస్తారట. తన చోటు తనకుందని అమ్మకి చెప్పు.

వెస్టా

1987 జూన్ 14

డెల్ఫీ,

గెలిచామని నీకు ఫోన్లో అరిచి చెప్పాను. తప్పు. కొత్త సమీక్షలో మన సమాధులన్నీ ఉన్నాయి. వాటి చుట్టూ వంద అడుగులు ముట్టుకోకూడదని ఉంది. మిగతా కొండంతటికీ పర్మిట్ ఇచ్చారు. చట్టం చెప్పింది ఆ వంద అడుగులే. కొండ నిలుస్తుందన్నది నేను కలుపుకున్న మాట.

మీ బావని పనిలోంచి తీసెయ్యలేదు. ఆ కొండకే వేశారు. పగలంతా ఆ మట్టే మోస్తున్నాడు.

సమాధులకి పూలు పెట్టే ఆదివారం కంపెనీ బండిలో ఎక్కించుకెళ్ళారు, అందరి నెత్తినా హెల్మెట్లు. బల్లమీద అందరూ తినగా మిగిలిన కేకుముక్కలా ఉంది ఆ చోటు. చుట్టూ నిలువుగా కోసేశారు. ఏటా లాగే నాన్న పక్కన దుప్పటి పరిచి కోడి వేపుడు పెడితే పంటికింద ఇసుక. ట్రెసీ వాళ్ళ అమ్మమ్మ కూడా అక్కడే ఉంది కదా. “ఈ టోపీ నాకంటే నీకే నప్పిందే” అంది ట్రెసీ. ఈసారి ఎవరూ నవ్వలేదు. పేలుడు వేళయింది, దిగిపోవాలన్నాడు వెంట వచ్చినవాడు.

అమ్మని అక్కడ పెట్టలేను డెల్ఫీ. ఉన్నవాళ్ళనీ అక్కడ వదల్లేను. సమాధులు తరలిస్తామని కంపెనీ పంపిన కాగితాన్ని పోయినేడు పొయ్యిలో వేశాను. ఇప్పుడు నేనే వెళ్ళి అడిగి సంతకం చేశాను. రోడ్డు పక్క చర్చి ఆవరణలో చోటిచ్చారు. పాపని పెట్టినచోట తవ్వితే నల్లమట్టి తప్ప ఏమీ మిగల్లేదు. ఆ మట్టిని మీ బావ పార ముట్టనివ్వకుండా చేతులతో కొత్త పెట్టెలోకి ఎత్తాడు.

ఈసారి రాళ్ళమీద పేర్లు చెక్కిస్తున్నాం. నాయనమ్మ ఏమైనా అనుకోనీ. చెక్కేవాడు చిన్న రాయి సంగతి అడిగితే, “శిశువు అని చాలు” అన్నాను.

“రోవీనా” అన్నాడు మీ బావ.

“ఎప్పుడు పెట్టావు?”

“కొండ ఎక్కుతున్నప్పుడు. అంత దూరం ఒక్కణ్ణీ ఎత్తుకెళుతూ, ఏమని పిలవను మరి?”

అమ్మకి ఆ పేరు చెప్పు. తన చోటు రోవీనా పక్కనే అని చెప్పు. కొండ సంగతి నువ్వు చెప్పకు, నేనొచ్చి చెబుతాను.

మీ అక్క
వెస్టా