పదిహేను పడితే పెళ్లి

లా ప్లాతా,
గణాంకశాస్త్ర శాఖ

ప్రాణసమానురాలైన అసుసేనాకు,

విషయం: మన వివాహం నిరవధికంగా వాయిదా పడుట, దానిపై నిపుణుని అభిప్రాయం.

పై విషయమై విన్నవించునదేమనగా, మీ నాన్నగారు దోన్ ఎవరిస్తో గత కార్నివాల్ నాడు బంధువుల సమక్షంలో ఒక ప్రకటన చేశారు. "అప్పు చేసి పిల్ల పెళ్లి చెయ్యను. విందు ఖర్చు కాసినోవాడే పెట్టుకుంటాడు. రూలెట్‌లో నాకు పదిహేను పడిన రోజే పెళ్లి!" మనవాళ్ల అంకెల పందేల్లో పదిహేనుకు 'అందాల పిల్ల' అని ముద్దుపేరు కనుక అంకె ఎంపికపై మా శాఖకు అభ్యంతరం లేదు.

రూలెట్ చక్రంలో సున్నాతో కలిపి ముప్పై ఏడు గళ్లు. ఒక అంకె మీద ఒక బిళ్ల పెట్టి గెలిచినవాడికి తన బిళ్లతోపాటు ముప్పై అయిదు ముడతాయి. న్యాయంగా ముప్పై ఆరు ముట్టాలి. ఆ ఇవ్వని ఒక్క బిళ్లే కాసినో పాలరాతి మెట్లనూ, దీపాల గుత్తులనూ, ద్వారపాలకుడి తెల్ల చేతితొడుగులనూ పోషిస్తున్నది. అంకె మార్చినా, మరియమ్మకు కొవ్వొత్తులు వెలిగించినా ఈ కోత తగ్గదు. గెలిచినవాడు బల్ల దగ్గరి ఉద్యోగులకు ఒక బిళ్ల వదలడం ఆచారం కనుక, మర్యాదస్తులకు కోత సరిగ్గా రెట్టింపు. చక్రానికి జ్ఞాపకశక్తి లేదు. నిన్న పడని అంకె నేడు పడి తీరాలని ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు జారీ చేయలేదు.

ఇక నన్ను తొలుస్తున్న సంగతి. ప్రతి శనివారం పది ఆటల చొప్పున ఏడాదిగా మీ నాన్నగారు ఆ అంకె మీదే ఆడుతున్నారు. సగటున పద్నాలుగు సార్లు పడవలసింది. ఒక్కసారీ పడలేదంటున్నారు. ఇది పది లక్షల మంది తండ్రుల్లో ఒక్కడికి కూడా జరగదు. కాబట్టి ఆయన అర్జెంటీనాలోకెల్లా దురదృష్టవంతుడైనా కావాలి, నేను అల్లుడిగా నచ్చక అబద్ధమైనా ఆడుతుండాలి. రెండోది తలచుకుంటే భోజనం సహించడం లేదు. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయనకు నేను వద్దనిపిస్తే సూటిగా చెప్పమను, తప్పుకుంటాను.

నీ జవాబు కోసం తపాలా బంట్రోతును వేధిస్తున్న,
లెయాంద్రో

*

మార్ దెల్ ప్లాతా

నా దిగులు లెక్కల లెయాంద్రోకి,

నీ నివేదిక అందింది. నాన్న వంటింట్లో ఎండు సొరబుర్రలో గొట్టం వేసుకుని మాతే ఆకుల తేనీరు తాగుతుండగా ఎదురుగా కూర్చుని, పాలరాతి మెట్లతో సహా మొత్తం చదివి వినిపించాను.

"ఎన్నిసార్లు పడుండాలంటాడు?"

"పద్నాలుగుట."

"తప్పుడు లెక్క! పదకొండే పడింది."

మాట జారాక ఆయన గొట్టంతో ఖాళీ బుర్రనే పీల్చాడు.

"పదకొండుసార్లా! ఆ బిళ్లలన్నీ ఏవి నాన్నా?"

"బల్ల దగ్గరి కుర్రాళ్లకిచ్చేశా. మర్యాదుండక్కర్లా?"

"మర్యాదంటే ఒక్క బిళ్ల. మొత్తం ఎవడిస్తాడు?"

"కూతుర్ని లా ప్లాతా పంపాల్సొచ్చినోడు ఇస్తాడే! మీ అమ్మ పోయాక నాతో పోట్లాడ్డానికి ఇంట్లో నువ్వేగా ఉన్నావ్. ఆ లెక్కల దొర మంచోడే. ఆ రైలే మంచిది కాదు."

మీ శాఖ ఈ మూడో అవకాశాన్ని పరిశీలించలేదని తెలియజేయడానికి చింతిస్తున్నాను. చింతిస్తున్నానని రాస్తూ పగలబడి నవ్వుతున్నాను.

"మేం రెండు వీధులవతల కాపురం పెడితేనో?" అన్నాను. లేచి టోపీ పెట్టుకున్నాడు.

"మళ్లీ కాసినోకేనా?"

"మాంసం కొట్టుకి! పెళ్లి విందుకి నాలుగు గొర్రెపిల్లలకి చెప్పొస్తా. ఆ కుర్రాళ్లందర్నీ పిలవాలి. ఏడాదంతా నా బిళ్లలు మింగారు, గిటార్లోళ్లని వాళ్లనే తెమ్మంటా!"

ఇక్కడి కళాశాలలో గణితం మాస్టారి ఉద్యోగం ఖాళీగా ఉంది. నీ తరఫున దరఖాస్తు పెట్టేశాను. నీ సంతకం నాకు నీకంటే బాగా కుదిరింది. గురువారం నిన్ను చూడడానికి పిలిచారు. అది దక్కే అవకాశం ఎంతో లెక్కకట్టకు. రైలెక్కు.

గుమ్మంలో నిలబడే రాస్తున్న,
నీ అసుసేనా